మ్యూస్‌స్కోర్ స్టూడియో సమీక్ష: స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్చుకునేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద సంగీతం రాసే పాశ్చాత్య పద్ధతి, నేర్చుకుందామనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న డబ్బు గురించే. ఏదైనా యాప్ కొనాలా, ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూస్‌స్కోర్ చాలా? చాలు. కీబోర్డు క్లాసుకు వెళ్లే పిల్లలకీ, కర్ణాటక సంగీతం వచ్చి స్టాఫ్ నొటేషన్ కూడా చదవాలనుకునే పెద్దలకీ ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. రాసింది రాసినట్టే వినిపించడం ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా పెద్ద సౌకర్యం. చదవడం నేర్చుకునేవాళ్లకు అడ్డుపడేదీ అదే. మొదటి రోజే ఆ శబ్దాన్ని అదుపులో పెట్టుకుంటే కన్ను చదవడం నేర్చుకుంటుంది. లేకపోతే ఏడాది వాడినా చెవే పని చేస్తుంది, కన్ను ఊరకే ఉంటుంది.

ఇది 2002లో వెర్నర్ ష్వేర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఇప్పుడు మ్యూస్ గ్రూప్ నడుపుతోంది. 2022 డిసెంబరులో 4వ వెర్షన్ వచ్చినప్పుడు రూపురేఖలు చాలా మారాయి. 2024 నుంచి దీన్ని మ్యూస్‌స్కోర్ స్టూడియో అంటున్నారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

దించుకునేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఉండేది మ్యూస్‌స్కోర్ డాట్ ఆర్గ్‌లో. అక్కడ అంతా ఉచితం. మ్యూస్‌స్కోర్ డాట్ కామ్ వేరే సైటు. అది జనం పెట్టిన నొటేషన్ల సంత. అక్కడ ఎక్కువ భాగం దించుకోవాలంటే చందా కట్టాలి, ఆ చందా దానంతటదే పునరుద్ధరణ అవుతుంది. సాఫ్ట్‌వేర్ కోసం వెళ్లి చందా పేజీలో కార్డు నంబరు ఇవ్వకండి. ఫోన్‌లో అదే పేరుతో కనిపించే యాప్ కూడా ఆ చందా సైటుదే. దాంట్లో నొటేషన్ చూడొచ్చు, వినొచ్చు, రాయడం మాత్రం కుదరదు. కంప్యూటరు లేనివాళ్లకు ఈ సమీక్షలో చెప్పేవి చాలావరకు ఉపయోగపడవు, ముందే చెప్పడం న్యాయం.

డాట్ ఆర్గ్‌లో పెద్ద బటన్ నొక్కితే మ్యూస్ హబ్ అనే మరో ప్రోగ్రాము కూడా వస్తుంది. ఆర్కెస్ట్రా వాయిద్యాలు సహజంగా వినిపించే మ్యూస్ సౌండ్స్ దాని ద్వారానే దిగుతాయి, అవి గిగాబైట్ల కొద్దీ ఉంటాయి. చదవడం నేర్చుకోవడానికి అవేవీ అక్కర్లేదు. బటన్ కింద చిన్న అక్షరాల్లో, హబ్ లేకుండా దించుకునే లింకు ఉంటుంది, అది చాలు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. పాత 4 జీబీ మెషిన్ మొరాయిస్తే 3.6.2 వెర్షన్ వేసుకోండి. అది ఇప్పటికీ అదే సైటులో దొరుకుతుంది, నేర్చుకునేవాళ్లకు అందులో పెద్ద లోటేమీ లేదు.

ముందుగా శబ్దం ఆపండి

తెరిచీ తెరవగానే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, నోట్ ఇన్‌పుట్ విభాగంలో 'ప్లే నోట్స్ వెన్ ఎడిటింగ్' అన్న టిక్కు తీసేయండి. అది ఉన్నంతసేపూ ప్రతి స్వరం పెట్టగానే మోగుతుంది. సరళీ వరుసలు, జంట వరుసలు పాడి వచ్చినవాళ్లకు చెవి చాలా చురుగ్గా ఉంటుంది కదా, రెండుసార్లు వినగానే ఆ వరుస నోటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత కాగితం వైపు చూస్తున్నా, పాడేది జ్ఞాపకంలోంచే. కర్ణాటక సంగీతం బాగా వచ్చినవాళ్లు స్టాఫ్ చదవడంలో వెనకబడటానికి ముఖ్య కారణం ఇదే. వాళ్ల బలమే ఇక్కడ అడ్డొస్తుంది.

సాధన ఇలా చేయాలి. ఎదురుగా అచ్చు పుస్తకం పెట్టుకోండి, గ్రేడ్ 1 స్థాయి కీబోర్డు పుస్తకం ఏదైనా సరే. ఎనిమిది బార్లు (నిలువు గీతల మధ్య భాగాలు) ఎంచుకోండి. కొత్త స్కోరులో ఒకే వాయిద్యం తీసుకోండి. బార్ల సంఖ్య మామూలుగా 32 అని ఉంటుంది, దాన్ని 8కి తగ్గించండి. మొదటి బారు మీద నొక్కి, ఎన్ కీ నొక్కితే రాసే స్థితిలోకి వస్తుంది. స్వరం నిడివి అంకెలతో ఎంచుకోవాలి: 5 నొక్కితే క్వార్టర్ నోట్, 6 హాఫ్, 7 హోల్, 4 ఎయిత్, 3 సిక్స్‌టీంత్. చుక్క కీతో చుక్క నోటు (ఒకటిన్నర రెట్ల నిడివి), సున్నాతో విరామం. ఇక ఎ నుంచి జి దాకా అక్షరాలే స్వరాలు. ప్రతి స్వరం కొట్టేముందు దాని పేరు పైకి అనండి. ఎనిమిది బార్లూ అయ్యాక, వినకుండానే పాడండి లేదా వాయించండి. అప్పుడు స్పేస్ బార్ నొక్కి వినండి. మీరు పాడింది ఎక్కడ తేడా వచ్చిందో ఆ బారుకు రంగు వేసి పెట్టుకోండి. మర్నాడు మొదలుపెట్టాల్సింది ఆ బార్ల నుంచే.

చదవడానికి రాయడమెందుకు? కంటితో చూసుకుంటూ పోతే సగం గుర్తుల్ని మనసు దాటేస్తుంది. రాసేటప్పుడు అలా దాటడానికి వీల్లేదు. స్వరం ఏది, ఎంతసేపు, చుక్క ఉందా, కలిపే గీత టైయా స్లర్రా అన్నవన్నీ విడివిడిగా తేల్చుకోవాలి. టై, స్లర్ రెండూ కాగితం మీద ఒకేలాంటి వంపు గీతలు. ఇక్కడ టైకి టి కీ, స్లర్‌కి ఎస్ కీ. ఒకే స్వరం రెండుసార్లు రాసి టై వేస్తే ఒకే పొడుగు స్వరంగా మోగుతుంది, స్లర్ వేస్తే రెండుసార్లు మోగుతుంది. ఈ ఒక్క తేడా చెవితో తేల్చుకున్నవాళ్లు మళ్లీ ఎప్పుడూ పొరబడరు.

ఒక స్వరం మీద క్లిక్ చేస్తే అడుగున ఎడమవైపు స్టేటస్ బార్‌లో ఆ స్వరం పేరు, స్థాయి సంఖ్య, నిడివి, ఎన్నో బారు, ఎన్నో బీటు అన్నీ కనిపిస్తాయి. మిడిల్ సి ఇక్కడ సి4. జవాబు సరిచూసుకోవడానికి ఇంతకు మించిన సాధనం అక్కర్లేదు. నోటు తలల్లోనే సి, డి, ఇ అని పేర్లు చూపించే ఏర్పాటు కూడా ప్రాపర్టీస్‌లో ఉంది. చిన్నపిల్లలకు మొదటి వారం పెట్టి తర్వాత తీసేయండి. ఎక్కువ రోజులుంచితే అక్షరాలు చదువుతారు తప్ప గీతలు చదవరు.

పేర్లు గుర్తుపెట్టుకోవడానికి మూడు గుర్తులు చాలు. క్లెఫ్ అంటే స్టాఫ్ మొదట్లో వేసే గుర్తు. ట్రెబుల్ క్లెఫ్ మెలిక చుట్టుకునే గీత, అంటే కింది నుంచి రెండోది, జి. బేస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య గీత, పైనుంచి రెండోది, ఎఫ్. రెండు స్టాఫుల మధ్య ఒంటరి చిన్న గీత మీద మిడిల్ సి. మిగతావన్నీ వీటి నుంచి అంతరాలతో చదవాలి. గీత మీంచి పై గీతకు వెళ్తే మధ్యలో ఒక స్వరం దాటినట్టు: స నుంచి గ, గ నుంచి ప. గీత మీంచి పక్కనున్న ఖాళీలోకి వెళ్తే పక్క స్వరమే. ఈ చూపు అలవాటైతే ప్రతి స్వరం పేరూ విడిగా గుర్తుచేసుకునే శ్రమ పోతుంది, వేగం అక్కడే వస్తుంది.

కర్ణాటక విద్యార్థి చేతిలో

తెలుగు నొటేషన్ చదివినవాళ్లకు లయ సగం ముందే వచ్చి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. హ్రస్వం 'స' ఒక అక్షరం, దీర్ఘం 'సా' రెండు. కామా ఒకటి, సెమికోలన్ రెండు. ఒక అక్షరాన్ని క్వార్టర్ నోట్ అనుకుంటే 'సా' హాఫ్ నోట్, 'సా ,' చుక్క హాఫ్ నోట్, 'సా ;' హోల్ నోట్. మన పుస్తకాల్లో స్వరాల మీద గీత గీస్తే వేగం రెట్టింపు. స్టాఫులో ఆ పని బీమ్, అంటే నోట్ల కాడలను కలిపే మందపాటి గీత, చేస్తుంది. సరళీ వరుస మొదటి కాలం క్వార్టర్లలో, రెండో కాలం ఎయిత్‌లలో, మూడో కాలం సిక్స్‌టీంత్‌లలో రాసి ఒకదాని కింద ఒకటి ముద్రించి చూడండి. నిడివి గుర్తులు ఒక్క పూటలో పట్టుబడతాయి. గతి మార్చాలంటే క్వార్టర్ ఎంచుకుని కంట్రోల్ + 3 నొక్కితే తిశ్రం (బీటుకు మూడు), కంట్రోల్ + 5 నొక్కితే ఖండం (బీటుకు అయిదు).

రాగాల విషయంలో మాయామాళవగౌళతో మొదలుపెట్టకండి. సి ని షడ్జమంగా తీసుకుంటే అందులో డి ఫ్లాట్, ఎ ఫ్లాట్ వస్తాయి (ఫ్లాట్ అంటే స్వరాన్ని అర మెట్టు దించడం, షార్ప్ అంటే అర మెట్టు పెంచడం). ఆ రెండే ఉండే కీ సిగ్నేచర్ (వరుస మొదట్లో పెట్టే షార్ప్, ఫ్లాట్ల గుర్తు) పాశ్చాత్య పద్ధతిలో లేదు. మాస్టర్ పాలెట్‌లో సొంత కీ సిగ్నేచర్ తయారుచేసుకోవచ్చు, మొదటి నెలలో ఆ గొడవ ఎందుకు? శంకరాభరణం, మోహనం, హంసధ్వని తీసుకుంటే ఏ గుర్తూ అక్కర్లేదు. కల్యాణికి ఒక షార్ప్, హరికాంభోజికి ఒక ఫ్లాట్, ఖరహరప్రియకు రెండు, నటభైరవికి మూడు, తోడికి నాలుగు ఫ్లాట్లు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న కీ సిగ్నేచర్లే, లాగి వదిలితే చాలు. కీ సిగ్నేచర్ లేకుండా బారులో ఒకచోట ఫ్లాట్ పెడితే అది ఆ బారు చివరిదాకా, అదే స్థాయిలో మాత్రమే పనిచేస్తుంది. తారస్థాయి రిషభానికి మళ్లీ పెట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

స్వరానికి పేరు ఎంత ముఖ్యమో ఈ సాఫ్ట్‌వేర్ బాగా నేర్పుతుంది. శుద్ధ రిషభాన్ని డి ఫ్లాట్‌గా రాయాలి. మోత ఒకటే కదా అని సి షార్ప్ రాస్తే షడ్జమం గీతలోనే రెండు స్వరాలు కూర్చుంటాయి, రిషభం చోటు ఖాళీ. డి రాసి కింది బాణం కీ నొక్కితే డి ఫ్లాట్ వస్తుంది. సి రాసి పై బాణం నొక్కితే సి షార్ప్. మిడి కీబోర్డుతో (కంప్యూటరుకు కలిపిన సంగీత కీబోర్డుతో) వాయించి రాస్తే ఏది కావాలో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది, తరచూ తప్పు ఊహిస్తుంది. అప్పుడు ఆ స్వరం ఎంచుకుని జె నొక్కితే పేరు మారుతుంది. వివాది రాగాలు అర్థం కానివాళ్లు చలనాటలో షట్‌శ్రుతి రిషభాన్ని డి షార్ప్‌గా, కనకాంగిలో శుద్ధ గాంధారాన్ని ఇ డబుల్ ఫ్లాట్‌గా ఒకసారి రాసి చూడండి. ఆ స్వరాల పేర్లు అలా ఎందుకున్నాయో కంటికి కనిపిస్తుంది.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు. దీని మీద ఆశ పెట్టుకోవద్దు. తోడి గాంధారాన్ని ఇ ఫ్లాట్ అని రాసి స్పేస్ బార్ నొక్కితే వినిపించేది తోడి కాదు. గమకానికి మన లిపిలోనే పద్ధతి ఉంది. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు ఉంది. వీణ, గాత్రం మాత్రమే నేర్చుకుంటూ వేరే వాయిద్యాలతో కలిసి వాయించే ఉద్దేశం లేనివాళ్లకు ఆ మార్గమే మేలు, మ్యూస్‌స్కోర్ అక్కర్లేదు. రెండిటినీ కలిపే అభ్యాసం కావాలంటే ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు తీసుకోండి. పాశ్చాత్య బాణీల మీద కట్టినవి, శంకరాభరణంలో గమకాల బరువు లేకుండా సాగేవి కాబట్టి స్టాఫులోకి చక్కగా ఒదుగుతాయి.

కర్ణాటకం వచ్చినవాళ్లు ఇంత కష్టపడటం వల్ల లాభం ఏమిటి? తెలియని వాయిద్యకారుల పక్కన కూర్చుని, రిహార్సల్ లేకుండా, కాగితం చూసి కలిసి వాయించగలగడం. సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాళ్ల ముందు పెట్టేది స్టాఫ్ నొటేషనే. చర్చి కోయర్‌లో ఆల్టో, టెనార్, బాస్ పాడేవాళ్లకు తమ గొంతు బాణీ విడిగా గుర్తుండటం కష్టం. కాగితం చదవగలిగితే నాలుగు గొంతులూ ఏ చోట కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. అలాంటివాళ్లకు మిక్సర్‌లో తమ గొంతును మ్యూట్ చేసి, మిగతా మూడింటితో పాటు పాడటం చాలా మంచి సాధన. ఇక్కడ శబ్దం వాడటం తప్పు కాదు, ఎందుకంటే మీ బాణీ వినిపించడం లేదు, దాన్ని మీరే చదవాలి.

తాళం దగ్గర కొన్ని సర్దుబాట్లు కావాలి. ఆదితాళానికి రెండు 4/4 బార్లు సరిపోతాయి. మిశ్ర చాపుకు 7/8 పెట్టుకుని, బీమ్‌లు 3+4గా గుంపులు కావడానికి టైమ్ సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో మార్చుకోవాలి. అనాగత గ్రహంలో, అంటే తాళం మొదలయ్యాక, పల్లవి మొదలైతే ముందు విరామాలు రాయాలి. అతీతమైతే, అంటే తాళానికి ముందే మొదలైతే, కొత్త స్కోరు తెరిచేటప్పుడే పికప్ మెజర్ (ముందుండే అసంపూర్ణ బారు) ఎంచుకోవాలి. శ్రుతి మార్చడం సులువు. ఒకటి శ్రుతిలో, అంటే సిలో, రాసిన శంకరాభరణాన్ని టూల్స్‌లోని ట్రాన్స్‌పోజ్‌తో అయిదు శ్రుతికి, అంటే జికి మారిస్తే, ఎఫ్ మీద ఒక షార్ప్‌తో కాకలి నిషాదం తనంతట తానే సరిపోతుంది.

తెలుగు సాహిత్యం రాయవచ్చు. మొదటి స్వరం ఎంచుకుని కంట్రోల్ + ఎల్ నొక్కి టైపు చేయండి. స్పేస్ కొడితే తర్వాతి స్వరానికి వెళ్తుంది. ఒకే మాటలో తర్వాతి అక్షరానికి హైఫన్, అక్షరం సాగితే అండర్‌స్కోర్. ఎంటర్ నొక్కితే రెండో వరుస వస్తుంది, కాబట్టి మొదటి వరుసలో స రి గ మలు, రెండో వరుసలో సాహిత్యం పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ సొంత ఫాంటులో తెలుగు లేదు. స్టైల్‌లోని టెక్స్ట్ స్టైల్స్‌లో లిరిక్స్‌కి ఉన్న రెండు శైలులకూ నోటో సాన్స్ తెలుగు లేదా విండోస్‌లోని నిర్మలా యూఐ పెట్టాలి. ఒక్కదానికే పెడితే సరి సంఖ్య వరుస వేరే ఫాంటులో వస్తుంది. ప్రింటు తీసేముందు పీడీఎఫ్‌లో ఒత్తులు, గుణింతాలు పెద్దగా చేసి చూసుకోండి.

పరీక్షకు చదివేవాళ్లు

బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్ఎస్ఎమ్ ప్రాక్టికల్ గ్రేడు పరీక్షలో మొత్తం 150 మార్కులకు సైట్ రీడింగ్ (ముందు చూడని నొటేషన్ చదివి వాయించడం) 21. చూసుకోవడానికి ఇచ్చేది అర నిమిషం. పాసు మార్కు 100 కాబట్టి, పాటలు బాగా వాయించి ఇక్కడ పోగొట్టుకునే మార్కులు గట్టిగానే దెబ్బతీస్తాయి. దీనికి మ్యూస్‌స్కోర్‌ను ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వాడుకోవాలి. పిల్లలకు తెలియని నాలుగు బార్లు రోజూ రాసి ముద్రించి ఇవ్వండి. అర నిమిషంలో కీ సిగ్నేచర్, టైమ్ సిగ్నేచర్, చేతుల చోటు, కష్టమైన బారు చూసుకోమనండి. తర్వాత ఆగకుండా వాయించాలి, తప్పు వచ్చినా వెనక్కి వెళ్లకూడదు. వాయించాకే సాఫ్ట్‌వేర్‌తో వినిపించండి. వేగం టెంపో దగ్గర శాతంలో తగ్గించవచ్చు, ఎంచుకున్న బార్లను లూప్‌లో తిప్పవచ్చు, మెట్రోనోమ్, కౌంట్ ఇన్ రెండూ ఉన్నాయి. పిల్లల కోసం పేజ్ సెట్టింగ్స్‌లో స్టాఫ్ స్పేస్ (గీతల మధ్య దూరం) 1.75 మి.మీ. నుంచి 2.2 దాకా పెంచి, నాలుగు బార్లకొకసారి బార్‌లైన్ ఎంచుకుని ఎంటర్ నొక్కి వరుస విరవండి. ఇరుకు కాగితం చదివించడం పిల్లలకు అన్యాయం.

కీబోర్డు ఉన్నవాళ్లు దాన్ని కలుపుకోవచ్చు. 'టు హోస్ట్' అని రాసి ఉన్న చతురస్రపు పోర్టుకు, ప్రింటరుకు వాడే కేబులే సరిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టే 'టు డివైస్' పోర్టుకు పెడితే పనిచేయదు. ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్ చోట కీబోర్డు పేరు ఎంచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఇది పాఠం చెప్పదు, క్రమం చూపదు, మీరు పాడింది విని సరిదిద్దదు. ఆ పనికి ఉపాధ్యాయులు కావాలి, లేదా అచ్చు పుస్తకం. మధ్యలో ఒక స్వరం చేర్చాలని రాస్తే పక్కదాన్ని తుడిచేస్తుంది. జరిపి చేర్చాలంటే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని స్వరాక్షరం కొట్టాలి. అక్షరం కొట్టగానే దగ్గరి స్థాయిలో స్వరం పెడుతుంది, వేరే స్థాయి కావాలంటే కంట్రోల్‌తో బాణం కీ. బారులో లెక్క మించితే తప్పని చెప్పదు, మిగిలింది టై వేసి తర్వాతి బారులోకి నెట్టేస్తుంది. అందువల్ల నిడివి తప్పు రాసినా పేజీ చక్కగా కనిపిస్తుంది. చివరి బారులో ఖాళీ విరామాలు మిగిలినా, అనుకున్న బారు కన్నా ముందో వెనకో పాట అయిపోయినా, ఎక్కడో నిడివి తప్పిందని అర్థం. వెనక్కి వెళ్లి పుస్తకంతో బారు బారుకూ పోల్చండి.

దాచుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుతో పాటు ఎక్స్‌పోర్ట్‌లో మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్ (వేరే నొటేషన్ ప్రోగ్రాములు కూడా తెరవగల ఫైలు రూపం) కాపీ కూడా తీయండి. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఫినాలే నొటేషన్ ప్రోగ్రాము అభివృద్ధి, అమ్మకం ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించారు. ఇలాంటి కాపీ ఉన్నవాళ్లు తమ నొటేషన్‌ను డోరికోలోనో, సిబేలియస్‌లోనో, మ్యూస్‌స్కోర్‌లోనో తెరుచుకోగలరు.